నాలుగు రోజులకు ఏ ఊరు?

గడప దాటితే – ఈ సంచిక ముచ్చట



ఈ మధ్య మనవాళ్లు ఎక్కడ కలిసినా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. బెంగుళూరు, చెన్నై, షోలాపూరు, యానాం, మా బరంపురం, ఎక్కడి వాళ్లయినా సరే, ఇంటికొక పిల్లో పిల్లాడో జర్మనీలోనో హాలండులోనో ఉద్యోగం చేస్తున్న రోజులివి. "మూడు నెలలు ఉండి వెళ్లండి" అని అమ్మానాన్నలను పిలిపించుకుంటారు. తీరా వెళ్లాక పిల్లలకు తీరిక ఉండదు. మధ్యలో ఏదో పండుగ కలిసొచ్చి నాలుగు రోజుల సెలవు దొరుకుతుంది. దక్షిణాన ఎండ ఉన్న ఊరు ఒకటి చూసి రావాలని అప్పుడు ఇంట్లో తర్జనభర్జన మొదలవుతుంది. "మీరు వెళ్లొచ్చారు కదా, ఏ ఊరు మంచిదంటారు?" అని అడుగుతారు.

నేను దేశాలు తిరిగిన మనిషిని కాను. బరంపురంలో ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు పంతులమ్మగా పనిచేశాను. అయితే 2025 మే నెలలో సరిగ్గా ఈ ప్రశ్న మీదే మా ఇంట్లో వారం రోజులు రభస జరిగింది. ఆ రభసలో నేను నేర్చుకున్నది మీకు పనికొస్తుందేమోనని ఈసారి ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి, అల్లుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటారు. మనవడికి పదకొండేళ్లు. మేమిద్దరం ఏప్రిల్ నెలాఖరుకి అక్కడికి చేరాం. ఈస్టరు అయిన ముప్ఫై తొమ్మిదో రోజు, ఎప్పుడూ గురువారం నాడే, జర్మనీలో క్రీస్తు స్వర్గారోహణ పండుగకు సెలవిస్తారు. 2025లో అది మే 29న వచ్చింది. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెట్టుకుంటే ఆదివారం దాకా నాలుగు రోజులు చేతికొస్తాయి. మధ్యలో పెట్టే ఆ సెలవును వాళ్లు 'వంతెన రోజు' అంటారట. ఆ మాట నాకు భలే నచ్చింది.

ఇక్కడ మా వారి సంగతి చెప్పాలి. అంతకు ముందటేడు ఆయన కుడి మోకాలికి ఆపరేషను అయింది. సమంగా ఉన్న నేల మీద కర్ర సాయంతో అరగంట నడుస్తారు. మెట్లన్నా, ఎగుడుదిగుడు రాళ్లన్నా వెనక్కి తగ్గుతారు. ఆయనకు నొప్పి కంటే భయం ఎక్కువ. పరాయి దేశంలో పడితే పిల్లలకు భారమైపోతానని బెంగ. అందుకని ప్రయాణం మాట వచ్చిన మొదటి రోజే, "మీరు వెళ్లి రండి. నేను ఇంట్లో ఉండి చారు కాచుకుంటాను" అన్నారు. రెండో రోజూ అదే మాట. మూడో రోజు కూడా అలాగే అనేసరికి మా అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాన్నా, నువ్వు లేకుండా వెళ్లడానికా మిమ్మల్ని ఇంత దూరం పిలిపించాను?" అంది. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

అసలు చిక్కు అక్కడుంది. నలుగురం నాలుగు ఊళ్ల పేర్లు చెబుతున్నాం. అయిదో మనిషి రాను అంటున్నాడు.

మా అమ్మాయి రోము అంది. నాకూ అదే ఇష్టం. పంతులమ్మగా ఎన్నిసార్లు పిల్లలకు చెప్పానో ఆ ఊరి కథ! కాని 2025 రోములో జూబిలీ సంవత్సరం. పాతికేళ్లకొకసారి వచ్చే యాత్ర. పైగా మే 8న కొత్త పోపు ఎన్నికయ్యారు. జనం ఇసక వేస్తే రాలనంతగా ఉన్నారు. పాత వీధుల్లో పరిచినవి చిన్న నల్లరాతి దిమ్మలు. కర్ర మొన వాటి సందుల్లో దిగబడుతుందని మా అల్లుడు చెప్పాడు. వాటికన్ మ్యూజియంలు చూద్దామంటే నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటాయి. మాకు దొరికింది జూన్ 1, మొదటి ఆదివారం. నాలుగు రోజుల్లో సగం వరసల్లో నిలబడటానికే సరిపోయేటట్టుంది.

అల్లుడు లిస్బన్ అన్నాడు. వాస్కో డ గామా 1497లో ఓడలెక్కిన ఊరు. ఆయన సమాధి అక్కడి జెరోనిమోస్ మఠంలోనే ఉంది. చరిత్ర తెలిసిన మన దేశస్థుడికి అక్కడ నిలబడితే ఏదోగానే ఉంటుంది. అయితే ఆ ఊరంతా కొండల మీద ఉంది. కాలిబాటలకు తెల్ల సున్నపురాయి ముక్కలు పరిచారు. చూడటానికి ముగ్గు వేసినట్టుంటాయి, తడిస్తే సబ్బు రాసినట్టు జారతాయి.

మనవడు ఫుట్‌బాల్ కోసం బార్సిలోనా అన్నాడు. 1882లో మొదలుపెట్టి ఇప్పటికీ కడుతూనే ఉన్న సగ్రాద ఫమీలియా గుడి కూడా అక్కడే ఉంది. కాని ఆ ఊరివాళ్లు యాత్రికుల తాకిడికి విసిగిపోయారు. ఇళ్ల అద్దెలు పెరిగిపోయాయని 2024లో ఊరేగింపులు చేశారు. పర్యాటకులకు అద్దెకిచ్చే ఇళ్ల లైసెన్సులు 2028 నవంబరు నాటికి ఎత్తేస్తామని అక్కడి మేయరు ప్రకటించాడు. విసిగి ఉన్న ఇంటికి చుట్టాలుగా వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది.

ఏథెన్సు నా రెండో కోరిక. శాకాహారులకు బంగారం లాంటి ఊరు. అక్కడి క్రైస్తవులకు ఉపవాస దినాలు ఎక్కువ. అందుకని మాంసం, పాలు లేని వంటలు బోలెడున్నాయి. అక్రోపొలిస్ కొండకు నడవలేని వారి కోసం 2020 చివర్లో కొత్త లిఫ్టు కూడా పెట్టారు. అయితే పైన వేల ఏళ్ల అడుగులకు నునుపెక్కిన రాయి ఉంది. సెవిల్ నేల చదునుగా ఉంటుందన్నారు గాని, మే నెలాఖరు ఎండలు మన గంజాం ఎండల్ని గుర్తుచేస్తాయన్నారు. ఎండ కోసమే వెళ్తున్నాం, వడదెబ్బ కోసం కాదు కదా!

ఇలా ఒక్కొక్క ఊరూ కొట్టుకుపోతూ ఉండగా మా అమ్మాయి ఆఫీసులో పనిచేసే ఒక స్పెయిను అమ్మాయి ఈ గోల విని, "మీ నాన్నగారిది ఏ పని చేసే కుటుంబం?" అని అడిగిందట. "మా తాతగారిది పట్టు మగ్గం" అని చెప్పింది మా పిల్ల. "అయితే మా ఊరు వెళ్లండి. పళ్లెంలా చదునుగా ఉంటుంది. పట్టు కోసం కట్టిన సభ ఉంది" అందట. ఆ ఊరి పేరు వలెన్సియా. మా జాబితాలో లేని పేరు.

నాకు మాత్రం ఒక సంకోచం. అంతకు ఏడు నెలల ముందే, 2024 అక్టోబరు 29న, వలెన్సియా ప్రాంతాన్ని వరద ముంచింది. రెండు వందల ఇరవై మందికి పైగా చనిపోయారు. మా బరంపురం వాళ్లకు అక్టోబరు అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒడిశా పెనుతుపాను 1999 అక్టోబరు 29నే. గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ 2013 అక్టోబరు 12న. ఇల్లు పోయినవాళ్లు ఉన్నచోటికి వినోదానికి వెళ్లడమేమిటని నేను అంటే, ఆ అమ్మాయి చెప్పి పంపిన జవాబు ఇది: "మా పిన్నిగారింట్లో మునిగింది కింది అంతస్తు. దుకాణాలు తెరుచుకున్నాయి. హోటళ్లు ఖాళీగా ఉంటే మాకు వచ్చే మేలేమీ లేదు. రండి." ఫైలిన్ తరువాత మన గోపాలపురం హోటలు వాళ్లు కూడా ఇదే మాట అన్నారని నాకు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం పట్టు సభ మాట చెబితే మా వారు పేపరు దించారు. "పట్టుకి సభ ఏమిటి?" అన్నారు. వారం రోజుల్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. టిక్కెట్లు కొనేశాం.

గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలు

బుధవారం రాత్రి విమానానికే బయలుదేరాం. రెండున్నర గంటల ప్రయాణం. దానికి కారణం ఉంది. వలెన్సియా పెద్ద చర్చి తలుపు ముందు ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి నీళ్ల పంచాయతీ జరుగుతుంది. వందల ఏళ్ల నాటి ఆచారం. 2009లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఎనిమిది కాలువల రైతులు తలా ఒక పెద్దమనిషిని ఎన్నుకుంటారు. ఆ ఎనిమిది మందీ నల్లటి పొడుగు అంగీలు తొడుక్కుని గుండ్రంగా కుర్చీల్లో కూర్చుంటారు. ఒక్కొక్క కాలువ పేరూ పిలిచి, ఫిర్యాదు ఉన్నవాళ్లు రమ్మంటారు. వాదన నోటిమాటే, తీర్పు కూడా అక్కడికక్కడే నోటితోనే. వకీళ్లు ఉండరు.

మేము చూసిన రోజు ఎవరికీ ఫిర్యాదు లేదు. ఎనిమిది పేర్లూ పిలిచి అయిదు నిమిషాల్లో లేచిపోయారు. మనవడు "అంతేనా?" అన్నాడు. మా వారు మాత్రం, "ఋషికుల్య కాలువ చివరి మళ్లవాళ్లకి ఇలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండేదిరా! తగువు లేకపోయినా ప్రతి వారం వచ్చి కూర్చుంటున్నారు చూడు, అందుకే తగువు లేదు" అన్నారు. చూసింది అయిదు నిమిషాలే. భోజనాల దగ్గర గంటసేపు దాని మీదే మాట్లాడారు.

పట్టు సభ అక్కడికి నడక దూరమే. లోంజా అంటారు. ఎదురుగానే 1928లో తెరిచిన పెద్ద కూరగాయల బజారు. ఒకే నడకలో రెండూ అయిపోతాయి. లోంజా కట్టడం 1482 ప్రాంతంలో మొదలైంది. తాడు పేనినట్టు మెలితిరిగిన రాతి స్తంభాలు పైకి వెళ్లి తాటాకుల్లా విచ్చుకుంటాయి. పట్టు వర్తకులు అక్కడ నిలబడి బేరాలు చేసేవారు. గోడ చుట్టూ పైన లాటిన్‌లో అక్షరాలు చెక్కారు. మాటతో మోసం చేయనివాడు, పొరుగువాడికి ఇచ్చిన మాట తప్పనివాడు, వడ్డీకి సొమ్ము తిప్పనివాడు, అలాంటి వర్తకుడే వృద్ధిలోకి వస్తాడని దాని భావమట. అల్లుడు అది చదివి చెబితే, బ్యాంకులో ముప్ఫై రెండేళ్లు చేసి రిటైరైన మా వారు, "అయితే నేను చేసిందంతా పాపమేనన్నమాట" అని పెద్దగా నవ్వారు. ఆపరేషను తరువాత ఆయన అలా నవ్వడం నేను వినలేదు.

ఫ్రిజ్జు కింద

శుక్రవారం నేతగాళ్ల పేటకు వెళ్లాం. ఆ పేట పేరే 'వెల్యుతేర్స్', అంటే మఖమలు నేసేవాళ్లు. వాళ్ల సంఘం 1479లో ఏర్పడింది. దాని పాత భవనంలో ఇప్పుడు పట్టు మ్యూజియం ఉంది. ఒకప్పుడు ఆ ఊరు ఊరంతా మగ్గాల చప్పుడే. పందొమ్మిదో శతాబ్దం నడిమిలో పట్టుపురుగులకు తెగులు వచ్చింది. మల్బరీ చెట్లు కొట్టేసి నారింజ తోటలు వేశారు. ఇప్పుడు లోకమంతా వలెన్సియా అంటే నారింజ పండే అనుకుంటుంది.

మేము వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ మగ్గం మీద నేసి చూపిస్తున్నది. పువ్వుల పట్టు. ఒక్కొక్క రంగుకీ ఒక్కొక్క చిన్న నాడె. ఆ చిన్న నాడె పేరే ఆ బట్టకి పెట్టుకున్నారట, 'ఎస్పొలీన్' అని. వాళ్ల వసంతోత్సవంలో ఆడపిల్లలు కట్టే గౌన్లకు ఇప్పటికీ ఈ బట్టే గొప్ప. మా వారు కర్ర మీద ఆనుకుని చాలాసేపు చూశారు. తరువాత చేతులతో సైగ చేసి, పేక ఎటు నుంచి తిరుగుతుందో అడిగారు. ఆవిడకు అర్థమైంది. నాడె ఆపి, కిందివైపు చూపించింది. ఈయన తల ఊపి, వేళ్లతో జరీ అంచు కలిపే పద్ధతి గాలిలో చూపించారు. ఆవిడ కూడా తల ఊపింది. ఇద్దరికీ ఉమ్మడి మాట ఒక్కటి లేదు. పావుగంట మాట్లాడుకున్నారు.

మా బరంపురం కూడా పట్టు ఊరే. గుడి గోపురాల వరస లాంటి అంచు ఉన్న మా పట్టుచీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తరతరాల కిందట దేవాంగులు తెలుగు నేల నుంచి వచ్చి అక్కడ మగ్గాలు వేశారు. మా మామగారు వాళ్లలో ఒకరు. ఆయన పోయాక, బ్యాంకు ఉద్యోగం వచ్చిన కొడుకు మగ్గం అమ్మేసి, గుంట పూడ్చి సిమెంటు చేయించాడు. నేను కాపురానికి వచ్చిన నాటికే అది అయిపోయింది. నలభై ఏళ్లలో ఆయన నాతో ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక మనవడు అడిగాడు, "తాతయ్యా, మన ఇంట్లో మగ్గం ఎక్కడుండేది?" అని.

"ఫ్రిజ్జు కింద" అన్నారాయన.

వాడు నవ్వాడు, తమాషా అనుకుని. తరువాత ఆయన వాడికి గుంట ఎంత లోతు ఉండేదో నేల నుంచి చెయ్యి పెట్టి చూపించారు. అందులో కాళ్లు వేలాడేసుకుని వాళ్ల నాన్న ఎలా కూర్చునేవారో, తాను ఎన్ని కండెలు చుడితే అణా ఇచ్చేవారో చెప్పారు. మా అమ్మాయి కూడా మొదటిసారి వింటున్నది. నేను పర్సులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుని కూర్చున్నాను.

నా పొరపాటు ఒకటి

అన్నీ సవ్యంగా జరిగాయని చెబితే అబద్ధమవుతుంది. శనివారం అల్బుఫెరా అనే సరస్సుకు వెళ్లాం. ఊరికి దక్షిణాన పది కిలోమీటర్ల దూరంలో, సముద్రానికీ దానికీ మధ్య ఇసక మేట మాత్రమే ఉంటుంది. అచ్చం మన చిలికా తమ్ముడిలా ఉంది. చుట్టూ వరి మళ్లు. మే నెలలో నీళ్లు పెట్టి వరి చల్లుతారు. అరబ్బులు తెచ్చిన పంట. ఆ నీళ్లలో ఆకాశం కనిపిస్తుంటే నాకు కదలబుద్ధి కాలేదు. "సూర్యాస్తమయం చూసి వెళ్దాం" అని పట్టుబట్టాను. తీరా చూస్తే తిరుగు బస్సు వెళ్లిపోయింది. తరువాతి దానికి చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. ఆ రాత్రి ఆయన మోకాలు వాచింది. ఆయన ఏమీ అనలేదు, అల్లుడు మంచుగడ్డ తెచ్చి కట్టాడు. ఆదివారం సముద్రపు ఒడ్డు కార్యక్రమం మానుకుని తూరియా తోటలో కూర్చున్నాం.

ఆ మానుకోవడమూ మంచికే వచ్చింది. తూరియా అంటే ఆ ఊరి నది. 1957 అక్టోబరు 14న ఊరిని ముంచేస్తే, నదినే ఊరి దక్షిణానికి మళ్లించారు. ఎండిన పాత ఏటి పడకలో పెద్ద రోడ్డు వేద్దామనుకుంది ప్రభుత్వం. జనం ఒప్పుకోలేదు. ఇప్పుడది తొమ్మిది కిలోమీటర్ల తోట. పైన పాత వంతెనలు అలాగే ఉన్నాయి, కింద నీళ్లకు బదులు చెట్లు, ఆడుకునే పిల్లలు. 2024 వరదలో నడి ఊరు చాలా మట్టుకు బతికిపోయింది ఈ మళ్లింపు వల్లే. మునిగింది దానికి అవతల ఉన్న చిన్న ఊళ్లు. ఊరి కుర్రకారు వేలమంది చీపుళ్లు, పారలు భుజాన వేసుకుని కాలినడకన వంతెన దాటి ఆ ఊళ్ల బురద ఎత్తారు. ఆ తోటలో కూర్చుని ఈ సంగతి వింటే తోట చూసిన తృప్తి రెట్టింపవుతుంది. సాటి మనుషుల ఊరిలో కూర్చున్నట్టుంటుంది.

తిండీ తిప్పలూ

మా వారు మాంసం ముట్టరు. వలెన్సియా వంటకం పాయెల్యాలో అసలు పద్ధతి ప్రకారం కోడి, కుందేలు పడతాయి. కూరగాయలతోనూ చేస్తారు, కాని అన్నం ఉడికించిన నీళ్లు మాంసపు రసమా కాదా అని అడిగి తెలుసుకోవాలి. మేము వంటిల్లు ఉన్న చిన్న వాటా తీసుకున్నాం. బజారులో టమాటాలు, వంకాయలు కొని, కందిపొడి డబ్బాతో గడిపేశాం. అక్కడి బియ్యం పొట్టిగింజ, నీళ్లు బాగా తాగుతుంది. అత్తెసరు పెట్టబోయి మొదటిరోజు మాడ్చాను.

అందరూ తాగదగ్గది ఒర్చాత. తుంగ జాతి గడ్డలు నానబెట్టి, రుబ్బి, పిండిన పాలు. చల్లగా, తియ్యగా ఉంటాయి. షుగరు ఉన్నవాళ్లు మాత్రం పంచదార లేనిది అడగాలి. ఇంకొక హెచ్చరిక. అక్కడ మధ్యాహ్న భోజనం రెండు దాటాక, రాత్రిది తొమ్మిది దాటాక. మాత్ర వేసుకుని టైముకు తినవలసిన వాళ్లు చేతిసంచిలో ఏదైనా పెట్టుకోవాలి. పెద్ద బజారు మధ్యాహ్నం మూడింటికే మూసేస్తారు, ఆదివారం అసలు తెరవరు.

మరి మీకు ఏ ఊరు?

వలెన్సియాకే వెళ్లమని నేను చెప్పను. అది మా ఇంటికి కుదిరిన ఊరు. పాతికేళ్ల కాళ్లున్న జంటకు లిస్బన్ కొండలే అందం. పురాతన కట్టడాలంటే ప్రాణమిచ్చే ఇంటికి రోము, కాని రోజుకొకటి చొప్పున నాలుగే చూస్తామని ముందు ఒట్టు పెట్టుకోవాలి. కేవలం శాకాహారులకు ఏథెన్సు. శీతాకాలంలో వెళ్లేవాళ్లకు సెవిల్. మహారాష్ట్రలో ఉన్న మనవాళ్లకు నేపుల్స్ చెబుతాను. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం పూడ్చిన పాంపేయి ఊళ్లో 1938లో మన దేశపు దంతపు బొమ్మ ఒకటి దొరికింది. శాతవాహనులు ఏలిన దక్కను నేల మీదే దాన్ని చెక్కి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. అది నేపుల్స్ మ్యూజియంలోనే ఉంది.

మా అల్లుడు చివరికి కాగితం మీద రాసిన నాలుగు ప్రశ్నలు ఇవి. ఇంటి తలుపు నుంచి బస తలుపు దాకా ఎన్ని గంటలు? నేల ఎలా ఉంటుంది? మనకు సరిపడే తిండి మనమే వండుకోగలమా? ఇంట్లో ఒక్కొక్కరికీ 'ఇది నా కోసం' అనిపించేది ఒక్కటైనా ఉందా? నాలుగో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటి మూడింటిలో కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. మనవడికి కూడా దొరికింది. చర్చి గోపురం మెట్లు 207, నాన్నతో కలిసి ఎక్కి వచ్చి రెండు రోజులు చెప్పుకున్నాడు.

నేను ఇంకొక్కటి కలుపుతాను. అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని మొదట అడగండి. ఆయన "మీరు వెళ్లి రండి" అంటే అది జవాబని సరిపెట్టుకోకండి. మరో ఊరు పేరు చెప్పి మళ్లీ అడగండి.

కాగితాల సంగతి క్లుప్తంగా. జర్మనీ, హాలండు, ఫ్రాన్సు దేశాలిచ్చే షెంజెన్ వీసాతో స్పెయిను, పోర్చుగల్, ఇటలీ, గ్రీసు తిరగవచ్చు. ఐర్లండు వీసా ఇందుకు పనికిరాదు. 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి. ఆ బీమా కాగితంలో పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదువుకోండి. చాలావాటిలో వర్తించదు. పాస్‌పోర్టులు దగ్గర ఉంచుకోండి.

మేము జూలైలో ఇల్లు చేరాం. తాళం తీసి, కిటికీలు తెరిచి, నేను వంటింట్లోకి వెళ్లేసరికి ఆయన ఫ్రిజ్జు ముందు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. పాలప్యాకెట్టు కోసమేమో అనుకున్నాను. "ఇది కొంచెం పక్కకి జరిపించాలి" అన్నారు. పక్కింటి కుర్రాణ్ణి పిలిచి జరిపించాం. కింద నాలుగు మూలలా పగుళ్లు బారిన పాత సిమెంటు ముక్క. ఆయన దాని ఫొటో తీయించి మనవడికి పంపించారు.

వచ్చే సంచికలో మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి.